యాన్ కొడుకు పీటర్, పీటర్ కొడుకు యాన్

1632 అక్టోబరు 31న డెల్ఫ్ట్ నగరంలోని కొత్త చర్చిలో ఒక మగబిడ్డకు బాప్తిస్మం ఇచ్చారు. రిజిస్టరులో రాసుకున్నది చాలా తక్కువ. బిడ్డ పేరు యోయానిస్. తండ్రి రైనియర్ యాన్స్‌జోన్. తల్లి డిగ్నా బాల్టెన్స్. ఆ పక్కన సాక్షుల పేర్లు. ఇంటిపేరు అనదగ్గది తండ్రికీ లేదు, తల్లికీ లేదు. ఆ బిడ్డ పెద్దవాడై గీసిన చిత్రాలను ఇవాళ ప్రపంచమంతా యోహానెస్ వెర్మీర్ చిత్రాలుగా చూస్తోంది. పుట్టిననాటి రికార్డులో మాత్రం వెర్మీర్ కోసం వెతికితే వెర్మీర్ దొరకడు.

ఆ పంక్తిని విప్పి చదవాలి. 'జోన్' అంటే కొడుకు. రైనియర్ యాన్స్‌జోన్ అంటే యాన్ కొడుకు రైనియర్. డిగ్నా బాల్టెన్స్ అంటే బాల్టాసార్ కూతురు డిగ్నా. రైనియర్ తండ్రి డెల్ఫ్ట్‌లో దర్జీ, పేరు యాన్ రైయర్స్‌జోన్, అంటే రైయర్ కొడుకు యాన్. రైయర్, రైనియర్ ఒకే పేరుకు రెండు రూపాలు. ముత్తాత పేరు తండ్రికి వచ్చింది, తాత పేరు పసివాడికి వచ్చింది. యోయానిస్ అన్నా యాన్ అన్నా ఒకటే. బొమ్మల వ్యాపారం చేస్తూ సత్రం నడిపిన రైనియర్ కొన్నాళ్లు వోస్ అని రాసుకున్నాడు, ఆ తర్వాత వెర్మీర్ అని రాసుకున్నాడు. ఒకే మనిషికి మూడు విధాల పేర్లు. మూడూ నిజమైనవే, ఏదీ మారుపేరు కాదు.

డచ్చి వంశవృక్షాల జోలికి వెళ్లేవాళ్లందరూ మొదట జీర్ణించుకోవాల్సిన సంగతి ఇదే. నెదర్లాండ్స్‌లో సుమారు రెండు వందల ఏళ్ల కిందటి దాకా చాలామందికి పేరు చుట్టరికంతో నడిచింది. ఎవరి కొడుకు, ఎవరి కూతురు, ఏ ఊరు, ఏ పొలం, ఏ పని: అడిగినవాళ్లను బట్టి జవాబు, జవాబును బట్టి పేరు. దాన్ని ఒక్కచోట బిగించి కట్టాలన్న తొందర పన్ను వసూలు చేసేవాళ్లది, సైన్యానికి మనుషులను లెక్కపెట్టేవాళ్లది. జనానికి ఆ తొందర ఎప్పుడూ లేదు. నాలుగు శతాబ్దాల డచ్చి పేర్ల చరిత్ర అంతా ఈ రెండు అవసరాల మధ్య జరిగిన లాగులాట అని నాకు అనిపిస్తుంది.

అన్ని ప్రాంతాలూ ఒకేలా నడవలేదు. దక్షిణాన ఫ్లాండర్స్, బ్రబంట్, లింబర్గ్ వైపు ఇంటిపేర్లు మధ్యయుగాల్లోనే స్థిరపడ్డాయి. పట్టణాల్లోని ధనిక కుటుంబాలు కూడా ముందే మేలుకున్నాయి. ఆస్తి, పదవి, ముద్ర ఉన్నచోట పేరు నిలవాలి కదా. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్, గ్రోనింగెన్, డ్రెంటె పల్లెల్లో మాత్రం 19వ శతాబ్దం వచ్చేదాకా తండ్రి పేరే చాలామందికి ఆధారం. యాన్ పీటర్స్‌జోన్ కొడుకు పీటర్ యాన్స్‌జోన్, వాడి కొడుకు మళ్లీ యాన్ పీటర్స్‌జోన్. ఒకే ఊళ్లో, ఒకే కాలంలో ముగ్గురు యాన్ పీటర్స్‌జోన్‌లు కనిపించడం మామూలు. అందుకే వాళ్ల పేరు పక్కన వృత్తి, ఒక్కోసారి ఒంటి గుర్తు కూడా చేరేవి. చేప పట్టేవాడు విస్సర్, రొట్టె కాల్చేవాడు బాక్కర్, పిండిమర వాడు ముల్డర్, కమ్మరి స్మిట్. తండ్రీకొడుకులిద్దరిదీ ఒకే పేరైతే చిన్నవాడు డె యోంగ్. ఇవాళ నెదర్లాండ్స్‌లో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదే, 80 వేల మందికి పైగా పెట్టుకున్నారు.

గుమాస్తాలకు 'జోన్' అని పూర్తిగా రాసే ఓపిక ఉండేది కాదు. 'జెడ్' అక్షరం రాసి పక్కన చుక్క పెట్టేవాళ్లు. కూతురైతే 'డొఖ్టర్' అన్నదానికి 'డి', 'ఆర్' రాసి చుక్క. కొత్తగా ఈ పనిలో దిగినవాళ్లు ఆ రెండక్షరాలు చూసి 17వ శతాబ్దపు పల్లెలో ఇంతమంది డాక్టరమ్మలా అని విస్తుపోతారు. వాళ్లంతా కూతుళ్లు. ఇక్కడ ఒక మంచి సంగతి చెప్పుకోవాలి. పెళ్లయినంత మాత్రాన డచ్చి స్త్రీ తన తండ్రి పేరు వదులుకోలేదు. బాప్తిస్మం నుంచి సమాధి దాకా ఆమె ఫలానావాడి కూతురే. భర్త పేరు పక్కన రాసినా సొంత పేరు పోదు. ఇంగ్లండు రికార్డుల్లో అమ్మమ్మ పుట్టింటి పేరు కోసం ఏళ్ల తరబడి తల పట్టుకునేవాళ్లకు డచ్చి రికార్డు ఒక వరం. తల్లుల వైపు వంశం ఇంత దూరం దొరికే దేశాలు యూరపులో ఎక్కువ లేవు.

ఇక బిడ్డకు ఏ పేరు పెట్టాలన్నది. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండోవాడికి తల్లి తండ్రి పేరు. పెద్దకూతురికి తల్లి తల్లి పేరు, రెండోదానికి తండ్రి తల్లి పేరు. ఆ తర్వాత పిల్లలకు మేనమామలు, మేనత్తలు, పినతండ్రులు, పినతల్లులు. తండ్రి పోయాక పుట్టిన మగబిడ్డకు తండ్రి పేరే. మొదటి భార్య పోయి మళ్లీ పెళ్లి చేసుకుంటే, రెండో భార్యకు పుట్టిన మొదటి ఆడపిల్లకు ఆ పోయినామె పేరు. చనిపోయిన బిడ్డ పేరు తర్వాత పుట్టిన బిడ్డకు. ఇది ఎవరూ రాసిపెట్టిన చట్టం కాదు, తప్పితే శిక్ష లేదు. అయినా పల్లెల్లో ఎంత గట్టిగా పాటించారంటే, పిల్లల పేర్లు వరసగా పెట్టి చూస్తే తాత అవ్వల పేర్లు ఊహించవచ్చు. ఆ ఊహతో రిజిస్టరు తెరిస్తే చాలాసార్లు అది నిజమవుతుంది. ఊహనే సాక్ష్యంగా రాసుకుంటే మాత్రం చెట్టు కొమ్మ వేరే కుటుంబానికి అతుక్కుంటుంది.

చిత్రకారుడు రెంబ్రాండ్ ఇంటినే చూద్దాం. ఆయన పూర్తి పేరు రెంబ్రాండ్ హార్మెన్స్‌జోన్ వాన్ రైన్. లైడెన్‌లో పిండిమర నడిపిన హార్మెన్ కొడుకు. తల్లి నేల్ట్‌గెన్ విల్లెమ్స్‌డొఖ్టర్. నేల్ట్‌గెన్ అంటే కొర్నేలియాకు ముద్దుపేరు. 1634లో రెంబ్రాండ్ ఫ్రీస్‌లాండ్ అమ్మాయి సాస్కియాను పెళ్లి చేసుకున్నాడు. ఆమె తండ్రి రోంబర్టుస్ లేవార్డెన్ నగరానికి మేయరుగా చేసినవాడు. 1635లో పుట్టిన మొదటి కొడుక్కి రుంబార్టుస్ అని పేరు పెట్టారు, వరస తప్పినా మామగారి పేరు. ఆ బిడ్డ రెండు నెలలకే పోయాడు. 1638లో ఆడపిల్ల పుడితే కొర్నేలియా అన్నారు, రెంబ్రాండ్ తల్లి పేరు. ఆ బిడ్డా పోయింది. 1640లో మళ్లీ ఆడపిల్ల, మళ్లీ కొర్నేలియా. ఆ పాపా కొద్ది రోజులే బతికింది. 1641లో పుట్టినవాడికి, ఆ ఏడే చనిపోయిన సాస్కియా అక్క టీషియా పేరు మీద టైటస్ అని పెట్టారు. ఆ నలుగురిలో బతికి పెద్దవాడైనది వాడొక్కడే. 1642లో సాస్కియా కన్నుమూసింది. తర్వాత హెండ్రిక్యే స్టొఫెల్స్‌తో కలిసి బతికిన రోజుల్లో, 1654లో పుట్టిన కూతురికి ముచ్చటగా మూడోసారి కొర్నేలియా అని పెట్టాడు. స్టొఫెల్స్ అన్నదీ ఇంటిపేరు కాదు, స్టొఫెల్ కూతురు అని.

ఈ మూడో కొర్నేలియా బతికింది. పెళ్లి చేసుకుని భర్తతో జావా దీవిలోని బటావియాకు, ఇప్పటి జకార్తాకు, వెళ్లింది. అక్కడ 1673లో పుట్టిన కొడుక్కి రెంబ్రాండ్ అని, 1678లో పుట్టినవాడికి హెండ్రిక్ అని పేర్లు పెట్టుకుంది. తండ్రి పేరు ఒకడికి, తల్లి పేరు మగ రూపంలో ఇంకొకడికి. ఇటు టైటస్ 1668లో చనిపోతే, మరుసటి సంవత్సరం పుట్టిన అతని కూతురికి టీషియా అని పెట్టారు. ఆ ఇంటి పేర్లన్నీ ఒకచోట రాసుకుంటే వాళ్లు ఎవరిని పోగొట్టుకున్నారో, ఎవరిని మరిచిపోలేకపోయారో తెలిసిపోతుంది. ఉత్తరాలు లేకపోయినా ఆ ఒక్క జాబితా చాలు. విన్సెంట్ వాన్ గో విషయం మరీ గుండె కలచివేసేది. ఆయన 1853 మార్చి 30న పుట్టాడు. సరిగ్గా ఏడాది ముందు, 1852 మార్చి 30న, ఆ తల్లికి ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డ పేరు కూడా విన్సెంటే. అది తాతగారి పేరు. ఆ కాలపు తల్లిదండ్రులకు అందులో వింతేమీ లేదు. తాత పేరు నిలబడాలి, ఒక బిడ్డ పోతే ఇంకో బిడ్డ దాన్ని మోయాలి.

బిగించి కట్టని పేరు వల్ల మనిషికి స్వేచ్ఛ కూడా ఉండేది. వ్లిస్సింగెన్‌లో 1607లో పుట్టిన మిఖీల్ ఆడ్రియాన్స్‌జోన్ ఓడల్లో పైకెదిగాక తనకు తానుగా డె రైటర్ అని పేరు పెట్టుకున్నాడు. 1667లో ఇంగ్లండు మెడ్వే నదిలోకి డచ్చి నౌకాదళాన్ని పంపిన సేనాపతిగా చరిత్ర ఎరిగినది ఆ పేరునే. డెల్ఫ్ట్‌లో సూక్ష్మదర్శినితో కంటికి కనబడని జీవులను చూసిన లేవెన్‌హుక్ ఇంటివాళ్ల పేరు సింహద్వారం మూలన ఉన్న ఇంటి నుంచి వచ్చింది. ఇళ్లకు నంబర్లు లేని కాలమది. ఇంటి ముందు చెక్కిన రాతి బొమ్మే చిరునామా, అదే క్రమంగా కుటుంబం పేరు.

తూర్పు సరిహద్దు వైపు, ట్వెంటె, ఆఖ్టర్‌హుక్ ప్రాంతాల్లో ఇంకో పద్ధతి. అక్కడ పేరు పొలానిది. పొలంలో ఎవడు కాపురముంటే వాడికి ఆ పొలం పేరు. ఇల్లరికం వచ్చిన అల్లుడు తన పేరు వదిలేసి భార్య తరఫు పొలం పేరుతో బతుకుతాడు, పిల్లలూ ఆ పేరుతోనే. పొలం మారితే పేరూ మారుతుంది. ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములు ముగ్గురు మూడు పొలాల్లో స్థిరపడితే వాళ్ల పేర్లు మూడు. వెస్సెలింక్, హెస్సెలింక్ లాంటి 'ఇంక్'తో ముగిసే పేర్లు ఎక్కువగా ఇటువైపువే. రికార్డులో 'ఫలానా పేరు గల' అనే అర్థం వచ్చే మాట రెండు పేర్ల మధ్య కనిపిస్తే, ఆ మనిషి ఒక పొలం నుంచి ఇంకో పొలానికి వెళ్లాడని గుర్తు. అక్కడ వెతికేవాళ్లు మనిషి వెంట కాదు, ముందు భూమి వెంట నడవాలి. పన్నుల పుస్తకాలు, కౌలు పత్రాలు చదివాకే చర్చి పుస్తకం అర్థమవుతుంది.

చర్చి పుస్తకాల సంగతి కొంత చెప్పాలి. 1563లో ట్రెంట్ మహాసభ కాథలిక్ గురువులను రిజిస్టర్లు పెట్టమంది. సంస్కరణవాద చర్చి కూడా ఆ పద్ధతి పట్టుకుంది. అయినా చాలా పల్లెల్లో మిగిలిన పుస్తకాలు 17వ శతాబ్దం మధ్య నుంచే మొదలవుతాయి. కాథలిక్ గురువు లాటిన్‌లో రాస్తాడు. ఇంట్లో క్లాస్ అని పిలిచేవాడు అక్కడ నికోలాస్, కేస్ అనేవాడు కొర్నేలియుస్, ట్రైన్ట్యే అనే అమ్మాయి కాథరీనా. మెన్నొనైట్ క్రైస్తవులు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇవ్వరు గనక ఆ పుస్తకాల్లో వాళ్ల పిల్లలే ఉండరు. తేదీల్లోనూ చిక్కు ఉంది. హాలండ్ రాష్ట్రం 1583 నాటికే గ్రెగరీ క్యాలెండరుకు మారింది, ఫ్రీస్‌లాండ్ 1701 దాకా పాత క్యాలెండరులోనే ఉంది. ఒక ఊళ్లో పుట్టి ఇంకో ఊళ్లో బాప్తిస్మం పొందినవాడి తేదీలు పది రోజులు తేడా చూపిస్తే గుమాస్తాను తప్పుపట్టనక్కర్లేదు.

1695లో హాలండ్ రాష్ట్రం పెళ్లి మీదా, శవాన్ని పూడ్చడం మీదా పన్ను వేసింది. ఆస్తిని బట్టి 30 గిల్డర్లు, 15, 6, 3. ఏమీ లేనివాడికి 'దేవుడి పేరిట' అని రాసి మాఫీ. పేదవాడు చర్చి పుస్తకంలో ఒక వరసే, పన్ను పుస్తకంలో మాత్రం వాడి పేదరికానికి కూడా సాక్ష్యం ఉంది. ఆ పుస్తకాలు లేకపోతే ఎన్నో కూలి కుటుంబాల చావు తేదీలు మనకు తెలిసేవే కావు.

ఈలోగా ఈ పేర్లు ఓడలెక్కాయి. అమెరికాలో హడ్సన్ నది ఒడ్డున న్యూ నెదర్లాండ్ వలసకు 1631లో ఒక కౌలు రైతు వచ్చాడు, పేరు కొర్నేలిస్ మాస్సెన్, అంటే మాస్ కొడుకు. బ్యూరెన్ దగ్గరి పల్లెవాడు. 1664లో ఇంగ్లీషువాళ్లు ఆ వలసను పట్టుకున్నాక తరతరానికీ మారే పేరు వాళ్ల కోర్టులకు కుదరలేదు. డచ్చి కుటుంబాలు ఒకటొకటిగా ఏదో ఒక పేరు దగ్గర ఆగిపోయాయి. కొర్నేలిస్ సంతానం వాన్ బ్యూరెన్ దగ్గర ఆగింది. అమెరికా ఎనిమిదో అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్ ఆ వంశం వాడే. క్లాస్ మార్టెన్స్‌జోన్ అనే ఇంకో వలసదారుడి వారసులు రూజ్‌వెల్ట్‌లు. వాళ్ల మూలాన్ని తండ్రి పేరుతో వెతికితేనే పాత దేశం వైపు దారి తెరుచుకుంటుంది.

తూర్పు వైపు వెళ్లిన ఓడలు మన తీరానికీ వచ్చాయి. 1602లో ఏర్పడిన డచ్చి ఈస్టిండియా కంపెనీ నాలుగేళ్లు తిరగకముందే మచిలీపట్నంలో, నిజాంపట్నంలో వర్తకం మొదలుపెట్టింది. పులికాట్, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నం, ఖమ్మం వైపు నాగులవంచ దాకా దాని కోఠీలు నడిచాయి. బందరులో వలందపాలెం అన్న పేటపేరు ఆ వలందాల, అంటే డచ్చివాళ్ల, జ్ఞాపకమే. భీమిలిలో, బందరులో, పులికాట్‌లో వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. కంపెనీ ఓడల జీతాల పుస్తకాల్లో లక్షల పేర్లున్నాయి. ఒక్కొక్కడి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు, ఏ ఓడలో వచ్చాడు, ఎక్కడ చచ్చాడు. తన ఊళ్లో ఉన్నంతకాలం ఎవడికీ ఊరి పేరు అక్కర్లేదు. ఊరు విడిచాకే అది పేరులో చేరుతుంది.

అదే పుస్తకాల అవతలి పక్క చదవడానికి మనసు గట్టి చేసుకోవాలి. 17వ శతాబ్దంలో కరువులు, యుద్ధాలు ముంచుకొచ్చినప్పుడల్లా కోరమాండల్ రేవుల నుంచి వేలమందిని బానిసలుగా కొని బటావియాకు తరలించారు. అక్కడి నుంచి కొందరిని ఆఫ్రికా కొసన ఉన్న కేప్ వలసకు పంపారు. వాళ్ల సొంత పేర్లు ఏ గుమాస్తా రాయలేదు. కొత్తగా ఒక క్రైస్తవ పేరో, పురాణపు పేరో, నెల పేరో తగిలించి, చివర రేవు పేరు పెట్టారు. వాన్ బెంగాలెన్, వాన్ మలబార్, వాన్ కోరమాండల్. తండ్రి పేరు ఉండాల్సిన చోట వాళ్లను అమ్మిన తీరం పేరు వచ్చింది. డచ్చివాడికి పేరు ఎంత చుట్టరికమో వీళ్లకు అంత తెగతెంపు.

పులికాట్‌కు డచ్చివాళ్ల ఉచ్చారణ పలియకట్టా. ఆ ఊరి పేరుతో ఒక స్త్రీ కేప్ రికార్డుల్లో ఉంది, కాథరీనా వాన్ పలియకట్టా. జనం పిలిచింది గ్రోట్ కాట్రైన్ అని, అంటే పెద్ద కాట్రైన్. బటావియాలో ఒక హత్య కేసులో పడిన మరణశిక్ష తప్పి, 1657లో ఖైదీగా కేప్‌కు చేరింది. తర్వాత క్షమాభిక్ష దొరికింది, అంథోని యాన్స్‌జోన్ వాన్ బెంగాలెన్ అనే స్వేచ్ఛ పొందిన మనిషిని పెళ్లి చేసుకుంది. అతని పేరు గమనించండి. బెంగాల్ నుంచి వచ్చినవాడు 'యాన్ కొడుకు' అయ్యాడు, పాలకుల పద్ధతిలో తనకొక తండ్రిని రాయించుకున్నాడు. కాట్రైన్‌కు ఒక కంపెనీ సైనికుడి వల్ల పుట్టిన క్రిస్టొఫెల్ స్నైమన్ దక్షిణాఫ్రికాలోని పెద్ద స్నైమన్ వంశానికి మూలపురుషుడు. తెల్లజాతి స్వచ్ఛతను చట్టం చేసుకున్న సమాజంలో ఎన్నో కుటుంబాల వృక్షాలు పైకి పాకించి చూస్తే, పులికాట్ సరస్సు ఒడ్డు నుంచి తీసుకుపోయిన ఒక ఆడమనిషి దగ్గరికి చేరుతున్నాయి. ఆ కేప్ డచ్చి కుటుంబాలు తాత పేరు మనవడికి పెట్టే వరసను మాతృదేశం కన్నా గట్టిగా పట్టుకున్నాయి. ఒకే వంశంలో ఒకే పేరు పదిమందికి ఉండేసరికి, 1890లలో వెలువడిన డె విల్లియర్స్ వంశావళి గ్రంథంలో తరానికి ఒక అక్షరం, తరంలో వరసకు ఒక అంకె ఇచ్చి మనుషులను వేరుచేయాల్సి వచ్చింది. దక్షిణాఫ్రికాలో ఇప్పటికీ అదే పద్ధతి.

ఇక నెపోలియన్. 1810లో హాలండ్ రాజ్యాన్ని ఫ్రాన్సులో కలిపేసుకున్నాడు. 1811 ఆగస్టు 18న వచ్చిన ఉత్తర్వు ఏమిటంటే, స్థిరమైన ఇంటిపేరు లేనివాళ్లందరూ ఒక పేరు ఎంచుకుని మునిసిపాలిటీలో రాయించుకోవాలి. పుట్టుక, పెళ్లి, చావు రిజిస్టర్లు కూడా అదే ఏడు చర్చి చేతి నుంచి ప్రభుత్వానికి వచ్చాయి. దక్షిణాన లింబర్గ్‌లో 1796 నుంచే వచ్చేశాయి. జనం ఎగబడి రాలేదు. ఫ్రెంచివాడు పోతే పేరూ పోతుందని కొందరు అనుకున్నారు. పేరు రాయిస్తే కొడుకును సైన్యంలోకి లాక్కుపోతారని భయపడ్డవాళ్లూ ఉన్నారు. నెపోలియన్ పోయాక డచ్చి రాజు మొదటి విల్లెమ్ 1825 నవంబరు 8న మళ్లీ ఉత్తర్వు ఇచ్చాడంటే, పధ్నాలుగేళ్ల తర్వాత కూడా పని పూర్తికాలేదనే.

ఒక అపోహను ఇక్కడ గట్టిగా తోసిపుచ్చాలి. ఫ్రెంచివాళ్లను ఎగతాళి చేయడానికి డచ్చివాళ్లు కావాలని పిచ్చి పేర్లు రాయించుకున్నారని ఒక కథ ప్రచారంలో ఉంది. 'నగ్నంగా పుట్టినవాడు' అనిపించే నాక్ట్‌గెబోరెన్ అన్న పేరును ఉదాహరణగా చెబుతారు. ఆ పేరు నెపోలియన్ కన్నా ఎంతో ముందు నుంచీ ఉంది. తండ్రి పోయాక పుట్టినవాడు అనే జర్మన్ మాట అలా మారింది. నవ్వులాటగా చెప్పుకునే ఆ పేరు వెనక ఉన్నది తండ్రిలేని బిడ్డ. ఇలాంటి కథలు వినడానికి బాగుంటాయి గానీ నిజమైన పూర్వీకులకు అన్యాయం చేస్తాయి.

ఫ్రీస్‌లాండ్‌లోని పేరు స్వీకార పత్రాలు చూడదగ్గవి. ఇంటి పెద్ద వచ్చి ఒక పేరు చెబుతాడు. గుమాస్తా ఆ పేరు రాసి, కింద ఆయన పిల్లలు, మనవలు, వాళ్ల వయసులు, ఎక్కడ ఉంటున్నారో రాస్తాడు. చివర పెద్దాయన సంతకం, లేదా రాయడం రాదని ఒక మాట. గట్టు దగ్గరివాడు డైక్‌స్ట్రా, మూలన ఉన్నవాడు హుక్‌స్ట్రా, దిబ్బ మీద కాపురమున్నవాడు టెర్ప్‌స్ట్రా. తండ్రి అప్పటికే పోయి ఉంటే, వేర్వేరు ఊళ్లలో ఉన్న అన్నదమ్ములు ఒకరికొకరు చెప్పుకోకుండా వేర్వేరు పేర్లు రాయించుకున్నారు. ఆ రోజు నుంచి వాళ్ల సంతానం రెండు వంశాలు. ఇంకోవైపు యాన్సెన్ అని అప్పటికి పిలవబడుతున్నవాళ్లు అక్కడే ఆగిపోయారు. తండ్రి పేరు పీటర్ అయినా, తాత పేరు డిర్క్ అయినా ఇక మీదట యాన్సెన్లే. కొడుకు అన్న మాట పేరులో ఉండిపోయింది, ఎవరి కొడుకు అన్నది మాత్రం అందులో నుంచి పోయింది.

నష్టం అలా ఉంటే లాభమూ తక్కువేం కాదు. 1811 తర్వాత పెళ్లి చేసుకోవాలంటే వధూవరుల పుట్టిన పత్రాలు, తల్లిదండ్రులు పోతే వాళ్ల మరణ పత్రాలు, వాళ్లిద్దరూ లేకపోతే తాత అవ్వల మరణ పత్రాలు తెచ్చి జతచేయాలి. వరుడి సైనిక ధ్రువపత్రంలో ఎత్తు, ముఖం, నుదురు, కళ్లు, ముక్కు, నోరు, గడ్డం, జుట్టు, ఒంటిమీది మచ్చలు ఒక్కొక్క వరసలో రాసి ఉంటాయి. ఫొటో పుట్టకముందటి కూలివాడి ముఖం మనకు తెలిసేది ఆ కాగితం వల్లే. డచ్చి ఆర్కైవులలో నేను అన్నిటికన్నా విలువైనదిగా ఎంచేది ఈ పెళ్లి జతపత్రాల కట్టలనే.

దక్షిణ అమెరికాలోని డచ్చి వలస సూరినామ్‌లో 1863 జులై 1న బానిసత్వం రద్దయినప్పుడు 33 వేల మందికి పైగా మనుషులకు ఒక్కసారిగా ఇంటిపేర్లు రాశారు. వలసలో అప్పటికే ఉన్న కుటుంబాల పేర్లు వాళ్లకు ఇవ్వకూడదని నియమం. అందుకని డె వ్రీస్ అన్న పేరును తిరగేసి వ్రీస్డె అన్నారు, ఆమ్‌స్టర్‌డామ్ అక్షరాలను వెనక నుంచి చదివి మడ్రెట్స్మా అన్నారు. యజమాని నీడ పేరులో ఉంటుంది, చుట్టరికం మాత్రం రాదు. అయితే ఆ విముక్తి రిజిస్టర్లే తల్లీబిడ్డల పేర్లు ఒకచోట చేర్చాయి. ఇవాళ ఆ సంతతివాళ్లు అంతకుముందటి బానిసల జాబితాలతో వాటిని కలిపి చదువుకుని తమ అవ్వలను వెతుక్కుంటున్నారు.

20వ శతాబ్దంలో ఆ చక్కటి రికార్డే మెడకు చుట్టుకుంది. 1850 నుంచి నడుస్తున్న జనాభా రిజిస్టరులో పేరు, చిరునామా, మతం అన్నీ ఉన్నాయి. 1940లో దేశాన్ని ఆక్రమించిన నాజీలకు యూదులను ఏరడానికి అంతకన్నా ఏం కావాలి? 1943 మార్చి 27 రాత్రి ఆమ్‌స్టర్‌డామ్ జనాభా రిజిస్టరు కార్యాలయానికి ప్రతిఘటనోద్యమకారులు నిప్పుపెట్టారు. కాలింది కొంత భాగమే. పట్టుబడ్డవాళ్లలో 12 మందిని ఆ జులైలో కాల్చి చంపారు. దేశంలోని యూదుల్లో నూటికి డెబ్బైమందికి పైగా హతమయ్యారు. పేర్లు భద్రపరచడాన్ని ఇష్టంగా పొగిడే మనలాంటివాళ్లం ఆ రాత్రిని కూడా తలుచుకోవాలి. కాగితాలు తగలబెట్టినవాళ్లు మనుషులను కాపాడాలనుకున్నారు. యుద్ధం ముగిసిన 1945లోనే హేగ్‌లో వంశచరిత్రల కేంద్ర కార్యాలయం ఏర్పడింది. ఇప్పుడు దేశంలోని ఆర్కైవులు చాలావరకు తమ రిజిస్టర్ల సూచికలను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాయి.

చట్టం కూడా నెమ్మదిగా సడలుతూ వచ్చింది. 1998 నుంచి తల్లిదండ్రులు బిడ్డకు తల్లి ఇంటిపేరైనా పెట్టవచ్చు. 2024 జనవరి 1 నుంచి ఇద్దరి పేర్లూ కలిపి పెట్టవచ్చు. 2016 జనవరి 1 నుంచి పుట్టిన పిల్లలకు పేరు మార్చి రాయించుకోవడానికి ఆ ఏడాదంతా గడువు ఇచ్చారు. 16వ శతాబ్దపు సంగీతకారుడు యాన్ పీటర్స్‌జోన్ స్వేలింక్ ఏ చట్టమూ లేకుండానే ఆ పని చేశాడు. ఆమ్‌స్టర్‌డామ్ పాత చర్చిలో ఆర్గన్ వాయించిన తండ్రి పీటర్ పేరు మధ్యలో ఉంచుకుని, చివర తల్లి తరఫు స్వేలింక్ పేరు పెట్టుకున్నాడు. ఇప్పటి పసిబిడ్డల రిజిస్టర్లలో రెండు పేర్లు పక్కపక్కన కనిపిస్తున్నాయి, తల్లిది ముందో తండ్రిది ముందో తల్లిదండ్రుల ఇష్టం. ఒకసారి రాయించాక మాత్రం ఆ దంపతులకు పుట్టే మిగతా పిల్లలందరికీ అదే వరస.